లాగ్‌లో లేని మస్తాన్

గుంటూరులో మా ఆఫీసు కింద టిఫిన్ సెంటర్ ఆయన 2005లో అల్లం పచ్చడిలో నీళ్లు కలపడం మొదలుపెట్టాడు. అడిగితే, "ఎండాకాలం గదండీ, ఒంటికి మంచిది" అనేవాడు. ఆ పచ్చడి తిని, మేడెక్కి, మేం నలుగురం కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. ఏ రైతు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాం. అందులో ముప్పాతిక మస్తాన్ రాసిందే. టీముకు పెద్దను నేను. అంటే రాసేది తక్కువ, నిర్ణయించేది ఎక్కువ.

నలుగురు ఒకే ప్రోగ్రాం మీద పడితే ఒకరి పని ఒకరు చెరిపేసుకోకుండా, ఎవరు ఎప్పుడు ఏ లైను మార్చారో పేరుతో సహా గుర్తుంచుకునే దాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. అప్పటిదాకా మాది సీవీఎస్. ఫైలు పేరు మారిస్తే చాలు, పాత సంగతులన్నీ మరిచిపోయేది. అందుకని సబ్‌వెర్షన్ అనే కొత్తదానికి మారదామన్నాను. దానికి అందరూ సరేనన్నారు. పేచీ అంతా ఎవరు ఏం రాశారన్న పాత హిస్టరీ దగ్గరే వచ్చింది.

"అది కూడా తెద్దాం సార్. మూడు రోజుల పని, నేను చేస్తా" అన్నాడు మస్తాన్.

"ఎందుకయ్యా? ఏ తప్పు ఎవరిదో బయటపడితే నష్టపోయేది నువ్వే."

"నేను రాసినవన్నీ తప్పులేనా ఏంది సార్!" అని నవ్వాడు.

నేనూ నవ్వి, శనివారం తాజా కాపీ ఒక్కటే నా లాగిన్‌తో కొత్తదాంట్లోకి ఎక్కించాను. జాగా కలిసొస్తుందని పాత డిస్కు తుడిచేశాను. మస్తాన్‌కు కొత్త పాస్‌వర్డ్ చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టాను.

ఆదివారం అతను చిలకలూరిపేటలో ఉన్న అక్కను చూడ్డానికి బైకు మీద బయలుదేరాడు. హైవే మీద లారీ గుద్దింది. చీటీ ఎవరూ తియ్యలేదు.

ఆ తర్వాత చాలా టీములకు వెర్షన్ కంట్రోల్ ఎంపిక చేసిపెట్టాను. వేగం, సౌకర్యం నేను చివర్లో చూసుకునే విషయాలు. పాత పేర్లన్నీ వెంట వస్తాయా అన్నది మొదటి ప్రశ్న. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, మస్తాన్ వాళ్ల అక్క షంషాద్ గారు నేర్పారు.

మస్తాన్ పోయిన నలభై రోజులకు ఆవిడ ఆఫీసుకు వచ్చారు. తను పదో తరగతితో ఆగిపోయి, స్పిన్నింగ్ మిల్లులో చేస్తూ తమ్ముణ్ని ఎంసీఏ చదివించిన మనిషి.

"ఇక్కడేం చేస్తావురా అంటే, నీకు అర్థంకాదులే అక్కా అనేవాడండీ. వాడు చేసిన పనిది, వాడి పేరున్న కాగితం ఒక్కటి ఇస్తారా? ఇంట్లో పెట్టుకుంటా."

"దానికేం అమ్మా, అన్నీ పేర్లతో సహా ఉంటాయి" అని అలవాటుగా అనేసి, ఎవరు ఏం మార్చారో చూపించే లాగ్ తెరిచాను. కొత్తదాంట్లోకి అన్నీ ఎక్కించింది నా లాగిన్‌తోనని తెరిచాక గుర్తొచ్చింది. గదులు, వరసలు, రసీదులు... ఏ ఫైలు పక్కన చూసినా నా పేరే.

"ఇదంతా మస్తాన్ రాసిందేనమ్మా" అన్నాను.

ఆవిడ తెర మీద వేలు పెట్టి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ కింది దాకా చదివారు.

"వాడు రాస్తే మీ పేరెందుకుందండీ?"