గడ్డి పట్నం చూసొచ్చిన చిన్నాయన

పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున, కర్ణాటక అంచున ఉన్న పావగడలో మా హైస్కూలులో ఎనిమిదో తరగతికి హాజరు తీసుకుంటుండగా చిన్నమ్మ ఫోను చేసింది. బడి వేళలో ఆమె ఎప్పుడూ చెయ్యదు. "పాపా, మీ చిన్నాయన లెయ్యలేదమ్మా. టీ పెట్టి లేపితే పలకలేదు" అంది. పిల్లలను పక్క టీచరుకు అప్పజెప్పి మా ఊరు రాయచెర్లుకు షేర్ ఆటో ఎక్కాను. దారి పొడుగునా రెండు వైపులా సోలార్ ప్లేట్లు ఎండలో మెరుస్తున్నాయి. వాటి మధ్య మా మంద కనిపిస్తుందేమోనని అలవాటుగా చూశాను. ఆ రోజు గొర్రెల దొడ్డి, మా రొప్పం, తెరిచి మందను వదిలేవాళ్లే లేరు.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. నాన్న నా చిన్నప్పుడే పోతే నన్ను చదివించింది ఈయనే. తను బడి గడప తొక్కలేదు. నేను ఇంగ్లీషు పుస్తకం గట్టిగా చదువుతుంటే రొప్పం దగ్గర కూర్చుని వినేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎక్కడైనా తడబడితే మాత్రం కనిపెట్టేసి, "ఆడ ఎగిరిచ్చినావు, మళ్లీ సదువు" అనేవాడు. నేను ఈ రోజు పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పగలుగుతున్నానంటే ఆ పట్టుదల పుణ్యమే.

గొర్రెలను ఆయన ఎన్నడూ లెక్కపెట్టలేదు. సాయంత్రం మంద ఇంటికి వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒక్కొక్క ముఖం చూసేవాడు. "లెక్క తప్పొచ్చు గానీ మొకం తప్పదు పాపా" అనేవాడు. ఒకసారి అలాగే చూస్తూ, "చెవికి మచ్చ ఉండేది రాలేదు" అని వెనక్కి వెళ్లి వంకలో చిక్కుకున్న గొర్రెను ఎత్తుకొచ్చాడు. రొప్పంలోకి చెప్పులతో అడుగు పెట్టడం ఆయన దృష్టిలో పెద్ద తప్పు. ఎవరైనా అలా పెడితే ఆ పూట వాళ్లతో మాట్లాడేవాడు కాదు.

సోలార్ పార్కు వచ్చినప్పుడు ఊళ్లో అందరిలాగే మేమూ చేను కౌలుకు ఇచ్చాం. వానలు లేని భూమికి ఏటా కౌలు వస్తుంటే వద్దనేవాళ్లెవరు? కానీ చేలతో పాటు బీళ్లు కూడా కంచెల్లోకి వెళ్లిపోయాయి. మేపే చోటు లేక ఊళ్లో మందలు ఒక్కొక్కటే సంతకు పోయాయి. చిన్నమ్మ కూడా రోజూ అదే పాట పాడేది. "అందురూ అమ్మేసినారు. నీకొక్కనికేంది ఈ గొర్రెల పిచ్చి? సుఖంగా ఇంట్లో కూసోరాదా?" చిన్నాయన కంచెల వెంబడి మంద తోలుకుని ఇంకా దూరం, ఇంకా దూరం పోయేవాడు. మనిషి చిక్కిపోయాడు, గొర్రెలూ చిక్కాయి. ఇంకో ఎండాకాలం వస్తే మంద మిగలదని మా అందరికీ తెలుసు. ఆయనకు మాకంటే బాగా తెలుసు.

అలాంటి రోజుల్లో, కరోనాకు ముందు, గొర్రెల కాపరుల మేలు చూసే ఒక సంస్థవాళ్లు వచ్చారు. చైనా ఉత్తర భాగంలో, మంగోలియా సరిహద్దు వైపు గడ్డిభూముల నడుమ షిలిన్‌హాట్ అనే పట్నం ఉంది. అక్కడ నానా దేశాల కాపరులు కలిసి మాట్లాడుకుంటారట. ఈ వైపు నుంచి ఒకరు రావాలన్నారు. మాట చెప్పడానికి తోడుగా నన్నూ పంపుతామన్నారు. చిన్నాయన అడిగింది ఒక్కటే: "ఆడ గడ్డి ఉండాదా?" ఉందన్నారు. "అయితే పోదాం పా పాపా." ఆ ఊరి పేరుకు ఆయన నోరు ఎన్నడూ తిరగలేదు. చివరిదాకా గడ్డి పట్నమనే అన్నాడు.

పావగడలో కొన్న కొత్త బూట్లు తొడుక్కుని, కంబళి భుజాన వేసుకుని, సంచిలో రాగి పిండీ చెనిక్కాయల పొడీ పెట్టుకుని విమానం ఎక్కాడు. సెప్టెంబరు నెల. ఆ పట్నంలో రోడ్లు మన పొలాలంత వెడల్పు, మనుషులు మాత్రం అక్కడొకరు ఇక్కడొకరు. మేడలు అయిపోయిన చోట గడ్డి మొదలై కనుచూపు మేరా పోయింది. ఆ అంచున చిన్నాయన నిలబడిపోయాడు. కళ్లు తుడుచుకోవడం పక్కనుంచి చూశాను. చలిగాలికేలే అని ఊరుకున్నాను. అలా కాదని ఇప్పుడు తెలుస్తోంది.

పట్నానికి బయట ఒక కాపరి ఇంట్లో మమ్మల్ని ఉంచారు. ముసలి దంపతులు. వాళ్ల మనవరాలికి ఇంగ్లీషు వచ్చు. ఆమె నాకు, నేను చిన్నాయనకు చెప్పేవాళ్లం. ఆ పెద్దావిడ పాల టీ ఇచ్చింది. చిన్నాయన ఒక గుక్క తాగి నా చెవిలో అన్నాడు: "పాపం, చక్కెర అనుకోని ఉప్పేసింది. ఏమనద్దు, నొచ్చుకుంటాది." గిన్నె ఖాళీ చేశాడు. ఆవిడ సంబరపడి మళ్లీ పోసింది. మూడు రోజులు పూటకు రెండు గిన్నెలు తాగాడు. నేనూ ఆయన మాట విని నోరు మెదపలేదు. నాలుగో రోజు మనవరాలు చెబితే తెలిసింది, అక్కడి టీయే అంతని. చిన్నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మూడు దినాలు ఆయమ్మ మర్యాద కాపాడినా అనుకుంటినే!" ఆ తర్వాత రోజుల్లో అడిగి మరీ పోయించుకున్నాడు.

ఒక పొద్దున ముసలాయన తన గొర్రెల దొడ్డి చూపించడానికి తీసుకెళ్లాడు. నేల మీద మంచు తెల్లగా పేరుకుంది. దొడ్డి గడప దగ్గర చిన్నాయన వంగి బూట్లు విప్పాడు, మేజోళ్లూ విప్పాడు. "చిన్నాయనా, కాళ్లు కొంకర్లు పోతాయి, వద్దు" అని నేను చెయ్యి పట్టుకున్నాను. "రొప్పం యాడైనా రొప్పమే కదమ్మా" అని చెయ్యి విడిపించుకుని ఆ మంచులో ఉత్త కాళ్లతో లోపలికి నడిచాడు. ఆ ముసలాయనకు నేను ఏమీ వివరించలేదు, అవసరం కలగలేదు. తన టోపీ తీసి చేత్తో పట్టుకుని చిన్నాయన వెనకాలే వెళ్లాడు. ఇద్దరూ ఒక్కో గొర్రె నోరు తెరిచి పళ్లు చూస్తూ, వెన్ను నిమురుతూ గంటసేపు తిరిగారు. తర్వాత పెద్దావిడ ఆ కాళ్లను తన ఒళ్లో పెట్టుకుని, తిట్టుకుంటూ, వేడెక్కేదాకా రుద్దింది. ఏమని తిట్టిందో మనవరాలు చెప్పలేదు.

సభలో ఎవరు ఏం చెప్పారో నాకిప్పుడు గుర్తులేదు. గుర్తున్నది ఒక మధ్యాహ్నం. అక్కడా కంచెలు వచ్చాయి, గడ్డి మీద పెద్ద పెద్ద గాలిమరలు వచ్చాయి. ఎండ చురుక్కుమంటోంది. ఒక గాలిమర స్తంభం నీడ గడ్డి మీద సన్నగా, పొడుగ్గా పడింది. ఆ నీడలో గొర్రెలు ఒకదాని వెనక ఒకటి బారుగా పడుకున్నాయి. నీడ జరిగితే లేచి, జరిగి, మళ్లీ పడుకుంటున్నాయి. చిన్నాయన అది చూస్తూ అన్నం వేళ మరిచిపోయాడు. "ఈడ యంత్రం గొర్రెను పొమ్మనలేదు, గొర్రె యంత్రాన్ని కొరకలేదు. మన ప్లేట్ల కింద ఎంత నీడ ఉండాది పాపా! గడ్డి మొలుస్తాది కూడా. కూలోళ్లను పెట్టి కోయిచ్చి పారేస్తా ఉండారు" అన్నాడు.

ఊరికి వచ్చిన మర్నాడే సోలార్ పార్కులో ఒక బ్లాకు మేనేజరు దగ్గరికి వెళ్లి, ప్లేట్ల కింద మంద మేపుకోనిమ్మని అడిగాడు. మంద వైర్లు కొరికేస్తుందని, ప్లేట్లు ఎక్కి పగలగొడుతుందని ఆయన భయం. భయపడటంలో తప్పు లేదు. "ఎక్కేది మేక సార్, గొర్రె ఎక్కదు" అని చిన్నాయన కన్నడలో చెప్పాడు. మీ మందలో మేకలున్నాయి కదా అని ఆయన అడిగాడు. చిన్నాయన ఇంటికొచ్చి, ఆ వారమే మేకలన్నిటినీ అమ్మేశాడు. కాపరి కాని వాళ్లకు ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. మందకు ముందు నడిచేవి మేకలే. వాటి వెనక గొర్రెలు పోతాయి. మేకలు లేకపోతే మంద దారి తెలియక గుంపుగా నిలబడిపోతుంది. అరవై దాటిన మనిషి, ఆ రోజు నుంచి మేకల పని తనే చేశాడు. ముందు నడుస్తూ, పిలుస్తూ, ఒక్కో గొర్రెకూ కొత్త నడక నేర్పాడు.

అప్పుడు మళ్లీ వెళ్లాడు. మళ్లీ మళ్లీ వెళ్లాడు. కరోనా వచ్చి పోయింది, మేనేజర్లు మారారు. చివరికి ఒకాయన పది గొర్రెలను ఒక్క పూటకు రానిచ్చాడు, తనే దగ్గర నిలబడి చూశాడు. ఒక గొర్రె ప్లేటు కింది ఇనుప కాలుకు వీపు వేసి రుద్దుకుంది. అందరి గుండెలూ ఆగాయి. ఏమీ కాలేదు. దానికి దురద తీరింది, అంతే. మరుసటి వారం నుంచి గేటు తెరిచారు. ఆ ఒక్క బ్లాకుకు, గొర్రెలకు మాత్రమే, పగటిపూట మాత్రమే. చిన్నాయన వెళ్లి వేరే ఊళ్ల కాపరులకూ ఎలా అడగాలో చెప్పేవాడు. "గట్టిగా అరచద్దు. రోజూ పోండి. మీ మొకం వాళ్లకు అలవాటు కావల్ల."

చిన్నమ్మకు మాత్రం ఈ గొడవంతా చివరిదాకా నచ్చలేదు. చిన్నాయన పోయాక పదకొండు రోజులూ చుట్టాలు కోసి తెచ్చిన మేతతోనే మంద రొప్పంలో గడిపింది. కర్మలు అయిన మరుసటి పొద్దున గొర్రెల వ్యాపారి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆమె వెంటనే ఒప్పుకుంటుందనుకున్నాం. నేనే అన్నాను, "ఇచ్చెయ్ చిన్నమ్మా, నువ్వు యాడ తిరగగలవు?" ఆయన చేతి చలవతో చదువుకున్న నేను ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

చిన్నమ్మ నా వైపు చూసింది. "పదకొండు దినాలాయ పోక. ఇంకా పోకుంటే ఆ గేటుకు బీగం ఏసేస్తారు. మళ్లీ ఎవురు పోయి అడుగుతారు, నువ్వు పోతావా?" అంది. వ్యాపారితో, "టీ తాగి పో నాయనా" అని చెప్పి చీర కొంగు నడుముకు దోపుకుని రొప్పం తెరిచింది.

నేనూ వెంట వెళ్లాను. గేటు దగ్గరి కావలివాడు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, ఏమీ అడగకుండా తెరిచాడు. గొర్రెలు లోపలికి వెళ్లి ప్లేట్ల నీడలో కలిసిపోయాయి. క్షణంలో ఒక్కటీ కనబడలేదు. చిన్నమ్మ కంగారుపడి, మోకాళ్లు పట్టుకుని, నేలకు వంగి చూసింది. వరుస వెనక వరుసగా ఇనుప స్తంభాల మధ్య, కనిపించినంత దూరం, వందలాది సన్నని కాళ్లు మేత వెంట మెల్లగా ముందుకు కదులుతున్నాయి.