మోకాళ్ల దిండు

కుట్టుమిషను అత్తయ్యకు మోకాళ్ల నొప్పి. గుడ్డముక్కలు కూరి తనే కుట్టుకున్న చిన్న దిండు మీద మోకరించి, తెల్లవారుతూనే ప్రార్థన మొదలుపెడుతుంది. అందరినీ ప్రభువుకు అప్పజెప్పి, చివర్న ఎదురింటావిడ దగ్గర మాత్రం గొంతు సవరించుకుంటుంది. జాకెట్టు బిగుతుగా కుట్టిందని అత్తయ్యను వీధంతా వినేలా దులిపేసిన మనిషావిడ. అప్పట్నుంచి మాటల్లేవు. నిన్న ఆవిడ మెట్ల మీద జారి కాలు బెణికించుకుంది.

ఈ ఉదయం ప్రార్థనలో ఆవిడ వంతు రాగానే అత్తయ్య కళ్లు తెరిచింది. "ఉండు ప్రభువా, ఇప్పుడే వస్తా" అని లేచి, దిండు చంకన పెట్టుకుని వీధి దాటింది. వాచిన ఆ కాలు ఎత్తి, కింద దిండు సర్దింది.

"ఎత్తు సరిపోయిందా?"

"ఆఁ... ఈసారి సరిపోయింది" అంది ఆవిడ, తల తిప్పుకుని.

ఇంటికొచ్చి వట్టి నేల మీద మూలుగుతూ మోకరిస్తుంటే కోడలు చూసింది.

"దిండేదత్తయ్యా?"

"ప్రార్థనలోనే ఉందిలే."