ఎమ్మెల్యేకు నేను రాసిపెట్టిన జీవితం

మా ఎమ్మెల్యే ఏనాడూ సాంచె, అదే మరమగ్గం, నడపలేదు. ఈ మాట నేనే చెప్పాలి. ఎందుకంటే ఆయన పదేళ్లు సాంచెల మీద చెమటోడ్చాడని తెలుగులో రాసింది నేనే. ఆ కరపత్రం ఈ పరాయి రాష్ట్రపు బమ్రోలిలో, నేతపనికి వలసొచ్చిన మావాళ్లుండే ప్రతి గదికీ చేరింది. దాని కింద నా పేరు పెట్టుకోలేదు. అదీ నా పిరికితనమే.

నిజం ఇది. ఆయన తండ్రికి పొలాలుండేవి. వాటిలో షెడ్లు లేచాయి. వాటిలో మేము మరమగ్గాలు నడిపాం, ఆయన అద్దెలు తీసుకున్నాడు. చెవులు చిల్లులు పడే ఆ మోతలో ఆయన ఒక్క షిఫ్టు నిలబడలేదు.

రాతతో ఆగినా బాగుండేది. మావాళ్లు కాగితాన్ని నమ్మరు, చేతిని నమ్ముతారు. తెగిన పోగును రెప్పపాటులో అతికేవాడు ఎవడైనా మావాడే. అది తెలిసే, ఆయన ఆఫీసులో మూడు రోజులు కూర్చుని ఆ ముడి నేర్పాను. ఆ మెత్తటి వేళ్లలోంచి పోగు జారిపోతుంటే నాకు సిగ్గు వేయలేదు, విసుగేసింది. ప్రచారానికి షెడ్డులోకి వచ్చిన రోజు ఆయన ముందే ఒక పోగు తెగింది. తెగేలా చూసిందీ నేనే. ఆయన చొక్కా చేతులు మడిచి అతికాడు.

"అరే, మనోడే రా!" అని ఒక ముసలి కార్మికుడు నా వీపు చరిచాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

కరపత్రంలో మొదటి హామీ బడి. మా తెలుగు బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. గెలిచిన ఏడాదే తొమ్మిది, పది తెరిపిస్తానన్నాడు. అప్పుడే మా అక్క కూతురు ఎనిమిది పాసైంది. అక్క పిల్లను ఊళ్లో అమ్మ దగ్గర ఉంచి చదివిద్దామనుకుంది. నేనే అడ్డుపడ్డాను.

"ఒక్క యాడాది ఆగక్కా. ఈడనే తెరుస్తరు."

రెండేళ్లు ఆగింది. పిల్ల ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించింది.

మొన్న ఆయన మళ్లీ పిలిచాడు. చేసిన పనుల గురించి తెలుగులో కరపత్రం కావాలట. సిమెంటు రోడ్డు, ఫంక్షన్ హాలు, పెద్ద గేటు. బడి సంగతేమిటని అడిగాను. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"వో నీచే డాల్ దో, భాయ్. కామ్ చాలూ హై, లిఖ్ దో."

కింద ఎక్కడో వేసెయ్యాలట. పని నడుస్తోందని రాయాలట. ఒక్క ఇటుక పడని బడికి! రాసుకుంటున్న కాగితాలు ఆయన బల్ల మీదే విసిరేసి అక్క ఇంటికి నడిచాను. ముడి నేర్పిన సంగతితో సహా అంతా చెప్పాను.

అక్క అరవలేదు. "నీ సొంత బిడ్డనైతే గిట్లనే ఆపుతుంటివా తమ్మీ?" అంది.

పిల్ల వైపు తిరిగాను. "ఈ జూన్‌లనే ఊరికి పోదాం బిడ్డా. తొమ్మిదిల చేర్పిస్త."

పిల్ల వేళ్లకంటిన గమ్ము గిల్లుకుంటూ అడిగింది. "నాకన్న రెండేండ్లు చిన్నోళ్ల పక్కన కూసోవాలె గదా మామా?"

"అవును బిడ్డా."

"పోత తీ. కానీ గిన్ని దినాలు ఏం చేసినవని సార్ అడిగితే నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

చెబుతాను. దానికంటే ముందు, ఆ కరపత్రం నమ్మి పిల్లల్ని ఆపిన ప్రతి ఇంటికీ చెబుతున్నాను. ఈసారి ఈ కాగితం కింద నా పేరు పెడతాను.