డాక్టరుకు కాళ్లు చూపించిన నర్సమ్మ

మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన నర్సమ్మ ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేది కాదు. అనంతపురం డాక్టరు ట్యాబ్‌ తెర మీద కనబడి ఎట్లున్నారని అడగ్గానే మావాళ్లంతా "బాగుండాం సార్" అనేవాళ్లు. చక్కెర జబ్బువాళ్లయితే ఆమె ట్యాబ్‌ పట్టుకుని వాళ్ల కాళ్ల దగ్గర కూర్చునేది. "మొగం చూస్తే ఏం తెలుస్తాది సార్, ఈడ చూడండి" అనేది. నాకది మొరటుగా తోచేది.

ఒకరోజు మా నాయన బాగున్నానని చెప్పి, పాదాలు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు.

"కాలు ముందుకు పెట్టు పెద్దాయనా."

"డాక్టరు మొగానికి కాలు చాపేదేమ్మా? తప్పు కదా."

"ఆయప్పకు నీ దణ్ణం వద్దు. కాలే కావల్ల."

వేరుశెనగ చేనిలో గుచ్చుకున్న ముల్లు వేలి సందులో పుండై కనబడింది. చక్కెర జబ్బుకు కాళ్లు మొద్దుబారి నాయనకు నొప్పే తెలియలేదు. డాక్టరు ఆ పూటే పెద్దాసుపత్రికి రమ్మన్నాడు. వేలు దక్కింది.

తర్వాత ఆమెకు రాయదుర్గం వైపు బదిలీ అయింది. పోయిన నెల కొత్త నర్సు ట్యాబ్‌ను నాయన ముఖానికి ఎదురుగా పెట్టింది. ఆయన తెరకు దణ్ణం పెట్టి, "కొంచెం కిందికి దించు పాపా" అంటూ, కడుక్కొచ్చిన కాలు చాపాడు.