కోర్టు నమ్మని పిలుపు

మా పుట్టింటి వెనకాలే శ్మశానం. చిన్నప్పుడు ఆ గోడ మీద కూర్చుని జామకాయలు తిన్నదాన్ని. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. ఇది కూడా దెయ్యం కథ అని నేను అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల్లో మా ఆయన ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నా తమ్ముడు శీను మా వెనకే వచ్చి, ఊరికి ఆ చివరనున్న వన్ టౌన్‌లో తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే షాపులో కుదిరాడు. ఆదివారాలు మా ఇంటికొచ్చేవాడు. బెల్లు నొక్కేవాడు కాదు. గేటు దగ్గర్నుంచే "అక్కా, తలుపు తియ్యవే" అని కేకేసేవాడు.

ఆ రోజు ఆదివారం కాదు. పొద్దుగూకే వేళ కుక్కర్ దించుతుంటే ఆ కేక వినిపించింది. వెళ్ళి తలుపు తీశాను. ఎవరూ లేరు. గేటుకి గొళ్ళెం వేసే ఉంది. అలా నిలబడి ఉండగానే మళ్ళీ వినిపించింది, ఈసారి మెల్లగా, నా పక్కనే. "అక్కా" అని ఒక్క మాటే.

రాత్రి పోలీసులు వచ్చారు. పొద్దుగూకే వేళ వన్ టౌన్ సందులో శీనుని గొంతు కోసి చంపేశారని చెప్పారు.

అదే షాపులో పనిచేసే రమణని అరెస్ట్ చేశారు. వాడు సరుకు దొంగచాటుగా అమ్ముకుంటున్నాడని శీను యజమానికి చెప్పేశాడు. అదీ కక్ష. వాడి చొక్కా మీద రక్తం ఉంది. పడి ఉన్న స్నేహితుణ్ణి ఎత్తబోతే అంటిందని వాడి లాయరు అన్నాడు. కత్తి దొరకలేదు. దాన్ని వాడి చేతిలో చూసింది ఒక్క మనిషే, ఆ సందులో ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునే జుబేదా గారు.

కేసు ఏళ్ళు సాగింది. ఇంక వదిలెయ్యమని చుట్టాలు చెప్పారు. నేను వదల్లేదు. ప్రతి వాయిదాకీ వెళ్ళి, రమణకి కనిపించేలా ముందు బెంచీలో కూర్చున్నాను. సాక్షితో మాట్లాడొద్దని ప్రాసిక్యూటర్ గారు అంటే మాట్లాడలేదు. అందుకే ఆవిడ మాట మొదటిసారి కోర్టులోనే విన్నాను.

"ఎవరో 'అక్కా, తలుపు తియ్యవే' అని పిలిసారు బాబూ. నన్నే అనుకుని తీసాను. ఆ కుర్రోడు మెడ తెగి మెట్ల మీద పడున్నాడు. రమణ కత్తి పట్టుకుని ఇటు తిరిగాడు. నాను సూత్తన్నప్పుడే పడున్నోడు మళ్ళీ 'అక్కా' అన్నాడు."

ఆ రెండూ నేను గుమ్మంలో విన్న మాటలే.

"గొంతు తెగినవాడు ఎలా పిలుస్తాడమ్మా? ఎవరు నేర్పారు?" అన్నాడు రమణ లాయరు.

"ఎవులూ నేర్పలేదు. ఇన్నది ఇన్నాను, సూసింది సూసాను. మీకు కావలసినట్టు సెప్పలేను" అందావిడ.

తర్వాత పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు వచ్చి, శ్వాసనాళం పూర్తిగా తెగిందనీ, ఆ గాయం తర్వాత మాట రావడం అసాధ్యమనీ చెప్పారు. ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధాలేనని లాయరు వాదించాడు.

ఆ సాయంత్రం నాకు వినిపించింది ప్రాసిక్యూటర్ గారికి చెప్పాను. "ఇది బయట అనకండమ్మా. ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. కేసు పోతుంది" అన్నారు. నోరు మెదపలేదు. నాకు శీను హంతకుడికి శిక్ష పడాలి, అంతే.

పడింది. యావజ్జీవం. ఆ పిలుపు భయంలో కలిగిన భ్రమ కావచ్చనీ, వీధి దీపం వెలుగులో చూసిన మనిషీ కత్తీ మాత్రం నిజమనీ జడ్జి గారు తీర్పులో రాశారు.

మర్నాడు జుబేదా గారి ఇంటికి వెళ్ళి నా సంగతి చెప్పాను. ఆవిడ మిషను ఆపేసింది. "అయితే పిలిసింది నిన్నేనమ్మా. నాను దగ్గిర్లో ఉన్నాను, తీసాను" అని నా చెయ్యి పట్టుకుంది.

జుబేదా గారు విన్న మొదటి కేక గాయానికి ముందుదే కావచ్చు. రెండోది? ఒకరికైతే భ్రమ అనుకోవచ్చు. ఊరికి ఆ చివరా ఈ చివరా ఉన్న ఇద్దరాడవాళ్ళకి ఒకే భ్రమ ఎలా కలిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.