కదలని స్కోపు, తెరుచుకోని రైఫిలు

తుపాకిని పాడుచేయడం ఎవరికైనా చేతనవుతుంది. ఎంతో శ్రద్ధగా బాగుచేసి, చూసినవాళ్లంతా మెచ్చుకునేలా నిగనిగలాడించి, చివరికి అది పేలకుండా చేయడం మాత్రం అందరివల్లా కాదు. నేను చేశాను. అదీ చిత్తూరులో, ముప్పైమంది గురికాండ్ల కళ్లముందు. చదువుతూ నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు వాళ్లూ ఆపుకోలేదు.

ఎనభైల మొదట్లో పుత్తూరు బస్టాండు వెనక నాకు చిన్న లేత్ షాపు ఉండేది. వయసు ఇరవై నాలుగు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో మా ఊరికి జనం వచ్చేవాళ్లు. "ఎముకలకు వాళ్లు, ఇనుముకు నేను" అని చెప్పుకునేవాణ్ణి. ఇంకెవరూ ఆ మాట అనేవాళ్లు కాదు కాబట్టి నేనే అనుకోవాల్సి వచ్చేది.

ఒక శనివారం పొద్దున కార్వేటినగరం నుంచి మా గోవిందస్వామి మామ దిగాడు. మా అమ్మకు వరసకు అన్న. పట్టాళంలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. నవ్వినా కవాతు చేసినట్టే, ఒకటి రెండు అని లెక్కపెట్టి ఆపేస్తాడు. భుజాన గుడ్డ చుట్టిన రైఫిలు, జేబులో దాని లైసెన్సు. రైఫిలు వీపు మీద, దూరంగా ఉన్న గురిని దగ్గరగా చూపించే గొట్టం, అదే స్కోపు.

"పట్టుకోని ఊపి సూడు మునిరత్నం," అన్నాడు.

ఊపాను. స్కోపు తాతగారి ముందు పన్నులా ఊగింది.

"స్క్రూలు బిగించలేదా మామా?"

"బిగించినాను. ఎంత తిప్పినా గానుగెద్దు మాదిరి తిరగతానే ఉండాది. పట్టు లేదు."

విప్పి చూశాను. నాలుగు బెజ్జాల్లోనూ స్క్రూను పట్టుకునే మరలు అరిగిపోయి, బావి గోడలా నున్నగా ఉన్నాయి.

"ఇంత మోటుగా బిగించిందెవరు మామా?"

"నేనే. పటకారుతో."

నేను విచారంగా తల ఊపాను. ఎదుటివాడి తప్పు చూసి విచారంగా తల ఊపడంలో ఒక సుఖం ఉంది. అది నాకు ఇంకొక్క రోజే మిగిలిందని అప్పుడు తెలియదు.

మామ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రేపు చిత్తూరులో గురి పోటీ ఉండాది. నాకు అరవై నిండినాయి. వచ్చే ఏడాదికి ఈ కండ్లు ఎట్లుంటాయో నాకు తెలీదు. అయితాదా, కాదా, ఒక మాట చెప్పు."

"ఏనుగు తొక్కినా కదలకుండా చేసిస్తా."

"ఏనుగు నాకొద్దు. గుండు పేలినప్పుడు కదలకుంటే సాలు."

లైసెన్సు తనది కాబట్టి రైఫిలును వదిలి కదలనన్నాడు. గుండ్లేమీ లేవని తెరిచి చూపించాడు. తలుపు గడియలా ముందుకీ వెనక్కీ జరిగే బోల్టును ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాన్ని జరిపితేనే రైఫిలులోకి గుండు వెళ్లేదీ, పేలిన గుండు ఖాళీ తొడుగు బయటికి వచ్చేదీ. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి ఉండటం వేరు, పని చేసేటప్పుడు గుర్తుండటం వేరు.

అరిగిన బెజ్జాలను డ్రిల్లుతో పిసరంత పెద్దవి చేశాను. మరలు కోసే పనిముట్టు, ట్యాపు, దించి తిప్పి కొత్త మరలు కోశాను. తిరుపతి లడ్డు పట్టేవాళ్లు కూడా అంత భక్తిగా చేసి ఉండరు. తర్వాత లేత్ మీద ఉక్కు కడ్డీ తిప్పి నాలుగు కొత్త స్క్రూలు చేశాను. మామ ఒకటి తీసుకుని పాతదాని పక్కన పెట్టి చూశాడు.

"అంత పొడుగెందుకురా?"

"పొడుగుంటేనే పట్టు మామా. పాతవి పొట్టివి కాబట్టే ఊడినాయి."

"నీకు తెలిస్తే సరే."

తెలిసింది ఎంతో మీకే అర్థమవుతుంది. ముందు రెండు బెజ్జాలకు అడుగు ఉంది, అవి ఎక్కడో ఒకచోట ఆగుతాయి. వెనక రెండూ నేరుగా బోల్టు నడిచే గొట్టంలోకి తెరుచుకుంటాయి. మామ బోల్టు తిరిగి పెట్టి మూశాడు. నేను స్కోపు కూర్చోబెట్టి, స్క్రూలకు రెండు ట్యూబుల్లోంచి తీసి కలిపే జిగురులాంటి అంటు పూసి, ఒక్కొక్కటే దించాను. వెనక స్క్రూలు చివర్లో గట్టిగా దేనికో తగిలి ఆగాయి. అదీ పట్టంటే అనుకుని, మరో పావు చుట్టు బిగించాను.

"రేపు పొద్దున దాకా దేన్నీ ముట్టుకోవద్దు మామా. అంటు ఆరాల."

పట్టాళం మనిషి కదా, ఆజ్ఞ అంటే ఆజ్ఞ. ముట్టుకోలేదు.

ఆదివారం తొలి బస్సుకు ఇద్దరం చిత్తూరు వెళ్లాం. నా సంచిలో పనిముట్లన్నీ పెట్టుకున్నాను. ఎవరైనా నా పని చూసి ముచ్చటపడి అక్కడికక్కడే ఇంకో పని అప్పజెబితే చేతులు ఊపుకుంటూ నిలబడకూడదు కదా. అనుకున్నట్టే మామ రైఫిలు బయటికి తీయగానే నలుగురు చేరారు. ఒకాయన స్కోపు పట్టుకుని గుంజాడు, కదల్లేదు.

"ఎవరప్పా చేసింది?"

"మా అల్లుడు," అన్నాడు మామ. ఆ రెండు మాటలకు నా ఛాతీ చొక్కా గుండీలకు పరీక్ష పెట్టింది.

మామ వంతు వచ్చింది. గోనెపట్టా మీద బోర్లా పడుకున్నాడు. బోల్టు పిడి పట్టుకుని పైకి ఎత్తాడు. లేవలేదు. మళ్లీ ఎత్తాడు. తల తిప్పి నావైపు చూశాడు.

"మునిరత్నం. ఇది తెరుచుకోదు."

పోటీ నడిపే పెద్దమనిషి దగ్గరికొచ్చాడు. "లోపల గుండు ఉండాదా?"

"లేదు."

"తెరిస్తే కదా తెలిసేది?"

"అదే కదా తెరుచుకోంది."

చుట్టూ ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు. రైఫిలు మూతి గురుల వెనకున్న మట్టికట్ట వైపే ఉంచి మామ నిదానంగా లేచాడు. గొట్టం తుడిచే పొడుగు కడ్డీ అడిగి తీసుకుని, మూతిలోంచి లోపలికి దించి, ఆగినచోట బొటనవేలు పెట్టి, బయటికి తీసి తుపాకి పక్కన ఆనించి చూపించాడు. కడ్డీ కొన బోల్టు దాకా పోయింది. మధ్యలో గుండుకు చోటే లేదు. పెద్దమనిషి ఊపిరి పీల్చుకున్నాడు. కొలిచి చూడటం అంటే ఏమిటో అప్పుడు నాకు బోధపడింది.

"జిల్లాలో ఇంత భద్రమైన తుపాకి ఇంకోటి లేదప్పా. దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు," అన్నాడు వెనకనుంచి ఒకాయన. అందరూ నవ్వారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఊగే నాలుకకు మందేసి నోరే కుట్టేశాను.

మామ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. "నన్ను ఆఖరి వంతుకు మార్పించినాను. అర్ధగంట ఉండాది. ఏం చేస్తావో చెయ్యి," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నా పొడుగు స్క్రూలే లోపలికి దిగి బోల్టును నొక్కిపట్టాయని అర్థమైంది. వెనక రెండూ తిప్పబోయాను. నా అంటు నా మాట వినలేదు. ఏనుగు తొక్కినా కదలదన్నాను కదా, నేను ఏనుగు కంటే తక్కువ. అప్పుడు తట్టింది, వేడికి ఆ అంటు మెత్తబడుతుంది. మైదానం ప్రహరీ పక్కన టీ అంగడికి పరుగెత్తాను.

"అక్కా, పొయ్యిలో ఈ స్క్రూడ్రైవరు పెట్టుకుంటా."

అంగడామె ఎగాదిగా చూసింది. "టీ తాగేదానికి వస్తారు కానీ, ఇనుము కాల్చుకునేదానికి వస్తారా ఎవురైనా?"

"టీ కూడా తాగతానక్కా."

కాలిన స్క్రూడ్రైవరు కొన వెనక స్క్రూ తలమీద ఆనించి పట్టుకున్నాను. నాలుగుసార్లు పొయ్యికీ రైఫిలుకూ మధ్య పరుగెత్తాక, చిన్నగా కమురు వాసన వచ్చింది. ఇంకో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే మొదటిది కదిలింది. నా జీవితంలో ఒక వస్తువు వదులైనందుకు అంత సంతోషించింది అదే మొదలు. రెండోది కూడా వచ్చాక, ఆకురాయితో రెండింటి కొనలూ అరగదీశాను. ఈసారి దించే ముందు అగ్గిపుల్ల పెట్టి బెజ్జం లోతు కొలిచాను. బిగించాక బోల్టు లాగాను. వెన్నలో కత్తిలా జరిగింది.

మామ పడుకున్నాడు. కాల్చినన్నిసార్లూ నేను కళ్లు మూసుకున్నాను. అంటు లేకుండా ఆ వెనక స్క్రూలు నిలబడతాయో లేదోనని భయం. పోటీ ముగిసి ఫలితాలు చదివారు. మామకు మూడో స్థానం. నేను దగ్గరికి వెళ్లాను.

"స్కోపు కదిలిందా మామా?"

మామ రైఫిలుకు గుడ్డ చుడుతూ, "అది కదల్లేదురా. మూడు తూర్లు నేనే కదిలినాను," అన్నాడు. ఆ తర్వాత నవ్వాడు. ఒకటి, రెండు దాటి ఆరేడు దాకా పోయింది.

బయటికి వస్తుంటే ముగ్గురు అడ్డం వచ్చారు, చేతుల్లో స్కోపులు ఊగే రైఫిళ్లతో. అందులో లైసెన్సు అక్కర్లేదన్న ఆయన కూడా ఉన్నాడు. "మాకూ అట్లనే బిగించియ్యి అప్పా. కానీ, తెరుచుకునేటట్టు బిగించు," అన్నాడు.

బిగించాను. మూడింటికీ. ఒక్క స్కోపు కూడా మళ్లీ ఊగలేదు, రైఫిళ్లన్నీ తెరుచుకున్నాయి. ఆ రోజే ఏడుకొండల దిక్కు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను: లోతు చూడనిదే ఏ బెజ్జంలోనూ స్క్రూ దించను, పక్కవాడు "అంత పొడుగెందుకురా" అంటే నోరు మూసుకుని కొలుస్తాను. ఈ ఒట్టు ఇనుముకే. మాటల పొడుగు గురించి నేను ఎవరికీ ఏమీ ఒప్పుకోలేదు.