"రేపే సార్" అంటే ఊరుకోని మనిషి

మా ఖాదర్ సార్ శాంతమూర్తి అట, కోపమన్నదే ఎరగరట! వికారాబాద్‌లో జరిగిన సంతాప సభలో వక్తలందరిదీ ఇదే పల్లవి. శుద్ధ అబద్ధం. గుండె ఆగి పోయారని తాండూరు నుంచి ఫోన్ వచ్చిన పొద్దున ఏడ్చాను గానీ, ఈ స్తోత్రాలకు మాత్రం ఒళ్లు మండింది. ఒకే కళాశాలలో ఆయనతో కలిసి పాఠాలు చెప్పాను, పోట్లాడాను. ఆయన ఆగ్రహం నాకు తెలుసు. అది మాట తప్పేవాళ్ల కోసమే దాచిన ఆగ్రహం.

ఆదివారాలు తాండూరులో తన ఇంటి వరండాలోనే పిల్లలను ఇంటర్వ్యూలకు సిద్ధం చేసేవారు. చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎప్పుడు చేరుతవ్?" బయట కోచింగ్‌లన్నీ నేర్పే జవాబూ ఒకటే: "రేపే సార్!" పెద్దేముల్ ఊరి నుంచి వచ్చే లక్ష్మి కూడా అదే అప్పజెప్పింది.

"రేపా? మీ చేన్ల కంది ఎవరు కోస్తరు బిడ్డా, నేనా?"

"కోతలున్నయంటే నౌకరి ఇయ్యరు గద సార్?"

"ఇయ్యకపోనీ. వస్తనని చెప్పి పోకుంటే, నీ ఎనుక వచ్చేటోళ్లకు గూడ తలుపు మూస్తరు."

పక్కనే కూర్చున్న నేను ఊరుకోలేదు. "నిజం చెప్పి పిల్ల బతుకు చెడగొట్టుకోవాల్నా సార్?"

"జర ఆగుండ్రి మేడం. గీ పాఠం నాది."

లక్ష్మి హైదరాబాద్ కంపెనీలో "కంది కోతలైనంక వస్త" అని చెప్పింది. ఉద్యోగమిచ్చారు. అన్న రోజుకే చేరింది. నేను ఓడిపోయాను. ఆ నమ్మకంతోనే కంపెనీవాళ్లు ఇంకొకరిని పంపమన్నారు. ఆ వరండాలోనే తయారైన భాస్కర్‌ను పంపి, సార్ స్వయంగా పూచీ పడ్డారు. సోమవారం చేరతానన్నాడు ఆ మహానుభావుడు. చేరలేదు. ఇంకెక్కడో మెరుగైనది దొరికిందట. దొరకనీ, వెళ్లనీ, ఎవరు కాదన్నారు? కంపెనీకీ చెప్పలేదు, సార్ ఫోనూ ఎత్తలేదు.

ఆ కంపెనీలో మా పిల్లల తర్వాతి ఇంటర్వ్యూలు రద్దయ్యాయి. వాటికి వెళ్లాల్సినవాళ్లలో లక్ష్మి చెల్లెలు ఒకతె. కొత్త డ్రెస్ కుట్టించుకుని కూర్చుంది పాపం. సార్ బస్సెక్కి కంపెనీకి వెళితే, గుమ్మం దగ్గరి నుంచే తిప్పి పంపారు. తిరిగొచ్చి నాతో అన్నది ఒక్కటే: "నా మాటకు ఇజ్జత్ పోయింది మేడం." ఆ దిగులే ఆయన ప్రాణం తీసిందని నేననను. కానీ ఆ వరండాలో మళ్లీ పాఠం జరగలేదు.

సభలో పెద్ద దండ భాస్కర్‌దే. ఫోటోలకు దండలేయడం సార్‌కు గిట్టేది కాదని కూడా వాడికి తెలియదు. "సార్ నాకు తండ్రి లాంటివారు" అన్నాడు.

సార్, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మాటకు అంత విలువ కట్టే గురువు మా పిల్లలకు మళ్లీ దొరకరు.

భాస్కర్, నువ్వు చెప్పు. "నేను వస్తలేను సార్" అనే ఆ ఒక్క ముక్క చెప్పడానికి నీకేం అడ్డమొచ్చింది?